ముందు చోటు, తర్వాతే మొక్క: నగరంలో వాగును బాగుచేయడం ఎలా

వాగును బాగుచేద్దామని నలుగురు కూడితే మొదట వచ్చే ఆలోచన మొక్కలు నాటడం. మేమూ అదే చేశాం. ఎండాకాలం చివర, నీరు సన్నగా పారుతున్న రోజుల్లో, ఒడ్డు వారన ఖాళీగా కనిపించిన చోటల్లా గుంటలు తీసి నాటేశాం. మొదటి పెద్ద వానకే అన్నీ లేచిపోయాయి. కొన్ని ఎటు పోయాయో తెలియదు, మిగతావి కింది కల్వర్టు నోట్లో ఇరుక్కుని నీటిని రోడ్డు మీదికి ఎక్కించాయి. మేం ఒడ్డు అనుకున్నది ఒడ్డు కాదు, వాగు లోపలి భాగమే. వానాకాలంలో అది ఎంత వెడల్పున పారుతుందో మాలో ఒక్కరూ అప్పటిదాకా చూసి ఉండలేదు.

నీరు పల్లమెరుగు అంటారు. పల్లం ఎక్కడుందో నీటికి తెలిసినట్టు మనకూ తెలియాలంటే కొంత ఓపిక కావాలి. ఇంకో సంగతి ముందే చెప్పాలి. పొదలు, రాళ్లు ఉన్న వాగులో నీరు నిదానంగా పోతుంది. అదే వెడల్పు, అదే వాలు ఉన్న నున్నటి కాంక్రీటు కాలువతో పోలిస్తే వేగం సగం కూడా ఉండదు. నిదానించడం మంచిదే, కానీ నిదానించిన నీరు ఎక్కువ చోటు అడుగుతుంది. ఇరుకు కాలువను అలాగే ఉంచి అందులో పచ్చదనం నింపితే ముంపు పెరుగుతుంది. అందుకే ఈ పనిలో వరస తప్పకూడదు: ముందు నీటికి చోటు, తర్వాతే మొక్క.

వానలో నడవండి

మొదటి వానాకాలం మొత్తం చూడటానికే కేటాయించండి. పొడిగా ఉన్న రోజున ఒకసారి, జోరువాన తగ్గిన వెంటనే ఇంకోసారి, వాగు పుట్టే చోటు నుంచి పెద్ద నదిలోనో చెరువులోనో కలిసే చోటు దాకా నడవండి. మధ్యలో గోడలు, గేట్లు అడ్డొస్తాయి. అడ్డొచ్చిన ప్రతిదాన్నీ రాసుకోండి, ఎందుకంటే మీకు అడ్డొచ్చినవాటిలో చాలావరకు నీటికీ అడ్డొస్తాయి.

నోటు పుస్తకంలో ఏం ఉండాలి? ఎక్కడ వాగు సన్నబడింది, ఎక్కడ మురుగు గొట్టం కలుస్తోంది, ఏ ఒడ్డు నిలువుగా కోసుకుపోతోంది, ఎక్కడ ఇసుక మేట వేసింది, ఏ వంతెన కింద చెత్త పేరుకుంది. చెత్తకు ఇంకో ఉపయోగం ఉంది. వరద తీశాక కంచెలకు, చెట్ల కొమ్మలకు ఆకులు, ప్లాస్టిక్ సంచులు ఒకే ఎత్తున వేలాడుతుంటాయి. ఆ గీతే వరద రాసి వెళ్లిన సంతకం. దాని పక్కన టేపు పట్టుకుని ఫొటో తీసుకోండి. రెండు మూడు రోజుల్లో అది చెరిగిపోతుంది, ఆలస్యం చేయొద్దు.

రాత్రివేళ వచ్చిన వరద ఎంత ఎత్తుకు చేరిందో తెలుసుకోవడానికి జలశాస్త్రవేత్తలు చాలాకాలంగా వాడుతున్న తేలిక పద్ధతి ఒకటుంది. మీటరో రెండు మీటర్లో పొడవున్న ప్లాస్టిక్ గొట్టాన్ని వంతెన స్తంభానికి నిలువుగా బిగిస్తారు. అడుగున చిన్న రంధ్రాలు, లోపల ఒక చెక్క బద్ద, కొంచెం బెండు పొడి. నీరు గొట్టంలోకి ఎక్కినప్పుడు బెండు పొడి తేలుతూ పైకి పోతుంది, నీరు దిగాక అత్యధిక మట్టం దగ్గర బద్దకు అంటుకుని ఉండిపోతుంది. పొద్దున వెళ్లి బద్ద లాగి చూస్తే సరి. కరెంటు అక్కర్లేదు, దొంగిలించేంత విలువా లేదు. బిగించే ముందు ఆ వంతెన ఎవరి అధీనంలో ఉందో వాళ్ల అనుమతి మాత్రం తీసుకోండి.

నీటి వేగానికి పది మీటర్ల దూరం కొలిచి, పై చివర ఒక ఎండుపుల్ల వదిలి, కింది చివరకు ఎన్ని సెకన్లలో చేరిందో చూడండి. దూరాన్ని సెకన్లతో భాగిస్తే పైపొర వేగం వస్తుంది. అడుగున నీరు కాస్త నిదానంగా ఉంటుంది కాబట్టి దాన్ని 0.85తో గుణించండి. వాన జోరు అందుకున్నాక ఎన్ని నిమిషాలకు వాగు పొంగుతోందో కూడా రాసుకోండి. హెచ్చరిక ఇవ్వడానికి మీ చేతిలో ఉండే సమయం అంతే. సిమెంటు నిండిన చిన్న పరీవాహకాల్లో (వాగులోకి వాన నీరు చేరే నేలంతా దాని పరీవాహకమే) అది గంటలు కాదు, నిమిషాలు.

ఇదంతా గట్టు మీద నుంచే. ఉరవడిగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా ఎదిగిన మనిషిని పడేయగలదు. 30 సెంటీమీటర్లకు చిన్న కారు తేలుతుంది, 60కి చాలా వాహనాలు కొట్టుకుపోతాయి. ఒంటరిగా వెళ్లొద్దు, చీకట్లో అసలు వద్దు. వరద నీటిలో మురుగు, ఎలుకల మూత్రం కలిసి ఉంటాయి. కాళ్లకు పుండ్లు, గీతలు ఉన్నవాళ్లు అందులో దిగితే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకే ప్రమాదం ఉంది. రబ్బరు బూట్లు, చేతి తొడుగులు వేసుకోండి, వచ్చాక సబ్బుతో కడుక్కోండి.

నీరు ఎక్కడి నుంచి వస్తోందో లెక్క వేయండి

మీ కాలనీలో పడిన వానే మీ వాగును నింపుతోందని అనుకుంటే పొరపాటు. ఎత్తుల మ్యాపు తెచ్చుకుని వాగు పరీవాహకం గీయించండి. అందులో కప్పులు, రోడ్లు, పార్కింగులు కలిపి ఎంత శాతమో అంచనా వేయండి. గట్టిపడిన నేల 10 శాతం దాటే సరికే వాగులో సున్నితమైన చేపలు, పురుగులు తగ్గిపోవడం మొదలవుతుందని చాలా చోట్ల గమనించారు. నగరాల్లో ఇది 50 శాతం దాటడం వింతేమీ కాదు.

ఒక చిన్న లెక్క. పది హెక్టార్ల నేల మీద గంటకు 50 మిల్లీమీటర్ల జోరున వాన పడుతోంది. చెట్లు, గడ్డి ఉన్న నేలైతే అందులో ఐదోవంతే పారుతుందనుకుందాం. వాగులోకి సెకనుకు దాదాపు 280 లీటర్లు చేరతాయి. అదే నేలను కప్పులు, తారురోడ్లతో కప్పేస్తే పదింట తొమ్మిది వంతులు పారతాయి, సెకనుకు 1,250 లీటర్లు. వాన మారలేదు, మబ్బు మారలేదు, వాగు మీద బరువు నాలుగు రెట్లు దాటింది. వాగు ఆక్రమించిందని మనుషులు ఫిర్యాదు చేస్తుంటే నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది.

అధికారులతో మాట్లాడేటప్పుడు "వందేళ్ల వరద" అనే మాట వస్తుంది. వందేళ్లకోసారి వచ్చే వరద అని దాని అర్థం కాదు. ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి. 30 ఏళ్లు అదే ఇంట్లో ఉంటే ఒక్కసారైనా చూసే అవకాశం సుమారు 26 శాతం. నిరుడే వచ్చింది కదా, ఇంక మన తరానికి రాదు అని ఎవరైనా అంటే నమ్మకండి.

మీ వరదను పక్కవాడికి పంపకండి

ఏ పని తలపెట్టినా ముందు ఒకే ప్రశ్న వేసుకోండి: దీనివల్ల కిందివాళ్ల దగ్గరికి నీరు ముందుకంటే త్వరగా, ఎక్కువగా చేరుతుందా? చేరుతుందంటే ఆ పని వదిలేయండి. వాగును సూటిగా చేయడం, లోతుగా తవ్వడం, గోడలు కట్టి ఇరికించడం అన్నీ ఈ కోవలోవే. సూటిగా చేస్తే వాలు పెరుగుతుంది, వాలుతో వేగం పెరుగుతుంది, వేగం రెట్టింపైతే ఒడ్డును తోసే బలం నాలుగింతలవుతుంది. అప్పుడు అడుగు కోసుకుపోవడం మొదలై, ఆ కోత ఎగువకు పాకుతూ పోయి, ఎక్కడో ఉన్న వంతెన పునాదిని బయటపెడుతుంది.

లాస్ ఏంజలిస్ నది కథ ఇదే. 1938 వరద తర్వాత అక్కడ నదిని చాలా దూరం కాంక్రీటు తొట్టిలో పెట్టేశారు. వరద నీరు సముద్రానికి వేగంగా పోయింది, నది కూడా పోయింది. భూగర్భజలం అడుగు నుంచి ఉబికి రావడంతో ఒక ముక్కలో మాత్రం అడుగున సిమెంటు వేయలేకపోయారు. ఇవాళ చెట్లు, కొంగలు, చేపలు దండిగా కనిపించేది ఆ ముక్కలోనే.

నేల ఎవరిది, వాగు హద్దు ఎక్కడ, మార్పు చేయడానికి ఎవరి అనుమతి కావాలి అన్నవి ఈ దశలోనే తేల్చుకోండి. చాలా చోట్ల పారే నీటి దారిని సొంతంగా మార్చడం చట్టంతో పెట్టుకోవడమే. జలవనరుల ఇంజినీరు ఒకరిని మొదటి నుంచీ వెంట ఉంచుకుంటే తర్వాత గొడవలు ఉండవు.

వాన పడిన చోటే పట్టుకోండి

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, ఇది ఎవరి అనుమతీ లేకుండా రేపే మొదలుపెట్టగలిగిన పని. 100 చదరపు మీటర్ల కప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు. ఆ నీరు గొట్టంలోంచి రోడ్డు మీదికి, రోడ్డు నుంచి వాగులోకి పది నిమిషాల్లో పోతుంది. దాన్ని తొట్టిలోకో, ఇంకుడు గుంతలోకో, వానతోటలోకో (వాన నీరు నిలిచి ఇంకేలా మొక్కలు నాటిన లోతు తక్కువ గుంట) మళ్లించండి.

గుంత తవ్వే ముందు నేల తాగుతుందో లేదో చూడండి. 30 సెంటీమీటర్ల లోతు గొయ్యి తీసి, నీటితో నింపి ఇంకనివ్వండి. మళ్లీ నింపి, గంటకు ఎంత దిగుతోందో కొలవండి. మొదటిసారి దిగే వేగాన్ని లెక్కలోకి తీసుకోకండి, ఎండిన నేల దాహం మోసం చేస్తుంది. గంటకు ఒక సెంటీమీటరు కూడా దిగకపోతే అక్కడ ఇంకుడు గుంత పనికిరాదు, నిల్వ తొట్టి పెట్టండి. వానతోట ఇంటి పునాదికి కనీసం మూడు మీటర్ల దూరంలో ఉండాలి, నిండితే నీరు ఎటు పొర్లాలో ఆ దారి కూడా ముందే ఉండాలి. నిలిచిన నీరు ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోతే దోమల బెడద రాదు, గుడ్డు దోమ కావడానికి సాధారణంగా వారం పడుతుంది.

వీటితో పెద్ద వరదలు ఆగిపోతాయని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకండి. చైనా 2015లో 16 నగరాలతో వాన నీటిని పడిన చోటే నేలకు తాగించే స్పాంజి నగరాల కార్యక్రమం మొదలుపెట్టింది. అదే దేశంలోని జంగ్‌జౌలో 2021 జులై 20న ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన పడింది. అంత వానను పీల్చుకునే స్పాంజి లేదు. ఏటా పదిసార్లు విసిగించే చిన్న ముంపులను ఇంకుడు పనులు తగ్గిస్తాయి, వాగులోకి వచ్చే మురికిని వడకడతాయి, ఎండాకాలంలో వాగులో నీరు నిలుపుతాయి. పెద్ద వరదకు కావాల్సింది చోటు.

అడ్డంకులు తీయండి

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఇదే. మీరు నడిచి రాసుకున్న జాబితాలో ఇరుకైన తూములు, కల్వర్టులు ఉంటాయి. వాటి గురించి ఒక సంగతి చాలామందికి తెలియదు. 60 సెంటీమీటర్ల గొట్టం చాలడం లేదంటే పక్కన అలాంటిదే ఇంకోటి వేస్తారు. కానీ అదే వాలులో 120 సెంటీమీటర్ల గొట్టం ఒక్కటే ఆరు చిన్న గొట్టాలకంటే ఎక్కువ నీరు తీసుకుపోతుంది. పైగా చిన్న గొట్టాల మధ్య గోడకు కొమ్మలు అడ్డం పడతాయి. మార్పించే అవకాశం వస్తే ఒకే పెద్ద తెరుపు అడగండి, వీలైతే అడుగు లేని పెట్టె కల్వర్టు, వాగు సహజపు మట్టి మీదే పారేలా.

తూము నోటికి ఇనుప జాలీ పెట్టిస్తే చెత్త ఆగుతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. శుభ్రం చేసే మనిషి లేని జాలీ తలుపు మూసినట్టే. వరద ముందు, వరద తర్వాత దాన్ని ఎవరు తీస్తారో పేరు రాసి ఉంటేనే పెట్టించండి.

వాగులో పడిన దుంగలన్నీ చెత్త కాదు. తూముకు దూరంగా, ఒడ్డుకు ఆనుకుని కదలకుండా ఉన్న దుంగ చేప పిల్లలకు గూడు. తూముకు ఎగువన వదులుగా ఉన్నది మాత్రం తీయాల్సిందే.

చోటు సంపాదించండి

ఇది కష్టమైన భాగం. నగరంలో ఖాళీ నేల ఉండదు, ఉన్నదాని మీద పది కళ్లు ఉంటాయి. అయినా వాగు పక్కన పార్కు, ఆటస్థలం, పార్కింగు, బడి మైదానం ఏదో ఒకటి ఉంటుంది. ఏడాదిలో కొన్ని రోజులు మునిగినా నష్టం లేనివి ఇవే.

చేయాల్సింది రెండంచెల వాగు. మధ్యలో సన్నటి పాయ, అది ఎండాకాలపు నీటికి. దానికి రెండు పక్కలా లేదా ఒక పక్క కిందికి దించిన చదును మెట్టు, అది వరదకు. సహజంగా ఏర్పడిన వాగులో పాయ నిండుగా పారే వరద ఒకటి రెండేళ్లకోసారి వస్తుంది. పాయను ఆ కొలతకే పరిమితం చేసి, అంతకు మించిన నీరు మెట్టు మీద పరచుకునేలా తవ్వించండి. పాయ మరీ వెడల్పైతే ఎండాకాలంలో నీరు పలచబడి, వేడెక్కి, మేట వేస్తుంది. మెట్టు చాలని చోట, పక్క మైదానంలోకి గట్టు కొంచెం తగ్గించి అలుగు పెడితే, ఒక మట్టం దాటిన నీరు అటు పొర్లి, వరద తగ్గాక సన్నటి తూము గుండా నిదానంగా వాగులో కలుస్తుంది.

పెద్ద ఎత్తున ఇది చేసినవాళ్లు ఉన్నారు. నెదర్లాండ్స్‌లో 1995లో నదులు పొంగి సుమారు రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించాల్సి వచ్చింది. శతాబ్దాలుగా కరకట్టలు ఎత్తు పెంచుకుంటూ వచ్చిన ఆ దేశం, ఆ తర్వాత నదికి చోటు ఇవ్వడమనే కార్యక్రమం చేపట్టింది. నైమెఖన్ నగరం దగ్గర కరకట్టను 350 మీటర్లు వెనక్కి జరిపి, నదికి కొత్త పాయ తవ్వారు. బోస్టన్‌కు ఎగువన చార్ల్స్ నది మీద, కొత్త ఆనకట్టకు బదులు 3,200 హెక్టార్లకు పైగా చిత్తడి నేలల్లో కొన్నింటిని కొని, మిగతావాటి మీద హక్కులు తీసుకుని, కట్టడాలు రాకుండా కాపాడుకున్నారు. వరద నీరు అక్కడ నిలిచి, రోజుల తరబడి నిదానంగా దిగుతుంది. ఇంకా పాడవని చిత్తడి నేల మీ వాగు ఎగువన ఉంటే, తవ్వకాలన్నీ పక్కన పెట్టి ముందు దాన్ని కాపాడుకోండి.

ఒక మాట, ఇక్కడ తప్పక చెప్పాల్సింది. వాగు ఒడ్డున ఉండేవాళ్లలో చాలామంది వేరే చోటు దొరక్క వచ్చినవాళ్లు. వాగును అందంగా చేసే పేరుతో వాళ్లను ముందు లేపేసి, తర్వాత అదే ఒడ్డున పెద్ద కట్టడాలు రావడం అనేక నగరాలు చూశాయి. ఇళ్లు కదపక తప్పని చోట, కొత్త ఇల్లు చేతికి వచ్చాకే పాతది ఖాళీ చేయించాలని మొదటి సమావేశంలోనే రాతలో పెట్టించండి. మీ బృందంలో వాళ్ల మనుషులు లేకపోతే ఆ బృందం అసంపూర్ణం. వాగు ఎప్పుడు, ఎటు పొంగుతుందో వాళ్లకు తెలిసినంత ఏ మ్యాపుకూ తెలియదు.

ఒడ్డుకు వేళ్ల కవచం

చోటు దొరికాక ఒడ్డు పని. నిలువుగా ఉన్న ఒడ్డును ముందు వాలుగా చెక్కాలి. ఒక మీటరు ఎత్తుకు రెండు మూడు మీటర్ల అడ్డం ఉంటే వేళ్లు పట్టుకుంటాయి. అంత చోటు లేని దగ్గర రాతి కట్టడం తప్పదు, అప్పుడు కూడా రాళ్ల సందుల్లో మట్టి నింపి కొమ్మలు గుచ్చొచ్చు.

ఒడ్డు కూలేది పై నుంచి కాదు, పాదం నుంచి. కాబట్టి పాదం దగ్గర పెద్ద రాళ్లు, సగం నేలలో పాతుకుని ఉండేలా పేర్చండి. దాని మీద కొబ్బరి పీచు చుట్టలను మేకులతో గట్టిగా బిగించండి. పై వాలంతా పీచు చాప పరిచి, అంచులను కందకంలో పూడ్చండి. అంచు వదులుగా ఉంటే నీరు దాని కిందికి దూరి చాపను దుప్పటిలా లేపేస్తుంది. పీచు కొన్నేళ్లలో కుళ్లిపోతుంది. అప్పటికి వేళ్లు అల్లుకుని ఆ పని అందుకోవాలి, పద్ధతి అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

చాప గుండా పచ్చి కొమ్మలు గుచ్చడం చవకైన పని, చేతులకు ఆనందం కూడా. కొమ్మ నాటితే వేరు తొడిగే జాతి ఏదైనా సరే, చల్లని దేశాల్లో విల్లో అనే చెట్టు కొమ్మలు వాడతారు. బొటనవేలంత లావు, 60 నుంచి 90 సెంటీమీటర్ల పొడవున్న కొమ్మలను చెట్టు నిద్రాణంగా ఉన్న కాలంలో కోయండి. కింది చివర ఏటవాలుగా చెక్కండి, ఒకటి రెండు రోజులు నీటిలో నానబెట్టండి. మొగ్గలు పైకి ఉండేలా, మూడింట రెండు వంతులు నేలలోకి దిగేలా గుచ్చండి. తలకిందులుగా గుచ్చినవాళ్లను నేను లెక్కలేనంతమందిని చూశాను. కోసేటప్పుడే కింది చివర ఏటవాలుగా, పై చివర తిన్నగా కోసే అలవాటు చేసుకుంటే ఆ పొరపాటు జరగదు.

మొత్తం ఒడ్డు ఒకేసారి మొదలుపెట్టకండి. సింగపూర్‌లో కల్లాంగ్ నదిని బిషాన్ పార్కు దగ్గర మార్చేటప్పుడు, ముందు ఒక చిన్న కాలువ ముక్కలో పది రకాల ఒడ్డు పద్ధతులు పరీక్షించారు. నిలిచినవాటినే తర్వాత నది మీద వాడారు. 2.7 కిలోమీటర్ల సూటి కాంక్రీటు కాలువ 2012 నాటికి మూడు కిలోమీటర్లు దాటిన వంకర నదిగా మారింది. వరద వస్తే పార్కులో గడ్డి మీదికి పరచుకుంటుంది, వాన మొదలవగానే సైరన్లు మోగి జనాన్ని పైకి పంపుతాయి. మీరూ ఇరవై మీటర్లతో మొదలుపెట్టండి, ఒక వానాకాలం దాటనివ్వండి.

అడుగు, నీడ, దారి

వాగు అడుగు చదునుగా ఉంటే చేపకు అది ఎడారి. సహజ వాగులో లోతు మడుగులు, రాళ్ల మీద గలగల పారే పలుచటి చోట్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకు దూరం సాధారణంగా పాయ వెడల్పుకు ఐదు నుంచి ఏడు రెట్లు. పాయ నాలుగు మీటర్లుంటే 20 నుంచి 28 మీటర్లకో మడుగు. మడుగు వంపు బయటి అంచున పెట్టండి, నీరు తనంతట తవ్వుకునే చోటు అదే. వేరేచోట తవ్వితే ఏడాదిలో పూడిపోతుంది.

నీడ మర్చిపోవద్దు. 20 డిగ్రీల నీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు, 30 డిగ్రీల నీరు ఏడున్నరే. అందులో మురుగు కలిస్తే మిగిలేది ఇంకా తక్కువ. తెల్లవారుజామున చేపలు నీటి పైకి వచ్చి నోరు తెరుస్తున్నాయంటే ఊపిరాడటం లేదని అర్థం. మురుగు గొట్టాలను వాగు నుంచి తప్పించకుండా చేపలు వదిలేవాళ్లున్నారు, అది వాటిని చంపడమే.

కల్వర్టు చివర నీరు జానెడు ఎత్తు నుంచి దూకుతోందా? చిన్న చేపలు ఎగువకు ఎక్కలేవు. దాని కింద రాళ్లతో చిన్న చిన్న మెట్లు పేర్చి ఆ ఎత్తును పంచేయండి.

నడక బాట ఒక్క ఒడ్డునే వేయించండి, రెండో ఒడ్డు పక్షులకు వదిలేయండి. దీపాల వెలుగు నీటి మీద పడకూడదు.

నాటడం, కాపాడటం

ఇప్పుడు మొక్కల దగ్గరికి వచ్చాం. నీటి అంచున జమ్ము, తుంగ, రెల్లు వంటివి. అవి వరదకు వంగి, తర్వాత లేస్తాయి. మెట్టు మీద గడ్డి, వంగే పొదలు. పెద్ద చెట్లు వరద గీతకు పైనే. ఏ పట్టీలోనైనా మీ ప్రాంతపు జాతులే, వీలైతే అదే వాగు ఎగువ నుంచి తెచ్చిన విత్తనమే.

గుర్రపుడెక్క ఉంటే నాటడానికి ముందే దాని సంగతి చూడాలి. అనుకూలిస్తే అది రెండు వారాల్లో రెట్టింపవుతుంది, విత్తనాలు ఏళ్ల తరబడి బురదలో బతికి ఉంటాయి. ఎగువ నుంచి మొదలుపెట్టి దిగువకు రండి, లేకపోతే తీసిన చోటికే కొత్త ముక్కలు తేలుతూ వస్తాయి. పూత రాకముందే తీయండి. తీసినదాన్ని ఒడ్డు మీద కుప్ప వేస్తే వచ్చే వరద దాన్ని మళ్లీ వాగులో కలుపుతుంది.

నాటాక కనీసం మూడేళ్లు కలుపు, నీళ్లు, చచ్చినవాటి చోట కొత్తవి. డబ్బు పోగుచేసేటప్పుడే ఈ మూడేళ్ల ఖర్చు పక్కన పెట్టండి. నాటిన రోజున ఫొటోకు యాభై మంది వస్తారు, కలుపు రోజున ఐదుగురే. ఆ ఐదుగురితోనే లెక్క వేసుకోండి. పక్షులు గూళ్లు కట్టే కాలంలో పొదలు కొట్టకండి, చేపలు గుడ్లు పెట్టే కాలంలో అడుగు కదపకండి.

ఇల్లు మునిగే చోట ఉన్నవాళ్లకు

వాగు పని ఏళ్లు పడుతుంది, ఈలోగా ఇల్లు కాపాడుకోవాలి. స్విచ్‌లు, మీటరు, మోటారు పాత వరద గీతకు పైకి జరపండి. మురుగు గొట్టానికి ఒకవైపే తెరుచుకునే కవాటం పెట్టించండి, లేకపోతే వీధి నీరు టాయిలెట్ గుండా ఇంట్లోకి ఉబుకుతుంది. తలుపుకు అడ్డు పలకలు పెట్టేట్టయితే 60 సెంటీమీటర్ల ఎత్తు దాటొద్దు. బయట మీటరు లోతు నీరు నిలిస్తే, గోడ ప్రతి మీటరు పొడవు మీదా దాదాపు 500 కిలోల తోపు పడుతుంది. మామూలు గోడ దానికి కూలిపోవచ్చు. అంతకు మించి వస్తే నీటిని లోపలికి రానివ్వడమే మేలు, మనుషులు, కాగితాలు ముందే పైకి చేరి ఉండాలి.

ఎగువన ఉండే ఒకరి ఫోను నంబరు, దిగువన ఉండే ఒకరి నంబరు ప్రతి ఇంట్లో గోడ మీద రాసి ఉంచండి. మీరు కొలిచిన ఆ కొద్ది నిమిషాలు పనికొచ్చేది అప్పుడే.

వరద వెళ్లాక

పని పూర్తయ్యాక వచ్చే మొదటి వరద మీ ఒడ్డులో ఎక్కడో ఒక చోట కోస్తుంది, ఇంకో చోట మేట వేస్తుంది. కంగారుపడి అన్నీ సరిచేయకండి. వంతెనకో, ఇంటికో ప్రమాదం లేకపోతే ఒక ఏడాది వదిలేయండి, వాగు తన వంపు తాను సర్దుకుంటోంది. కోత గోడ వైపు నడుస్తుంటే మాత్రం వెంటనే ఇంజినీరును పిలవండి.

ఆరునెలలకోసారి పారే చోట నాలుగు రాళ్లు తిరగేసి అడుగున ఏమున్నాయో చూడండి. ఎర్రటి దారాల్లాంటి పురుగులే కనిపిస్తే నీరు ఇంకా మురికిగానే ఉంది. రాయికి అంటుకుని, వెనక మూడు సన్నటి తోకలతో చిన్న పురుగులు కనిపించాయంటే ఆక్సిజన్ తిరిగొస్తోంది. పిల్లలకు ఈ పని అప్పజెప్పండి, వాళ్ల కళ్లకు పెద్దవాళ్లకంటే త్వరగా దొరుకుతాయి.

ఇక ఆ బెండు పొడి గొట్టం. ప్రతి వరద తర్వాతా బద్ద మీద గీత గీసి తేదీ రాసేటప్పుడు, ఆ రోజు ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో, ఎంతసేపు పడిందో కూడా పక్కనే రాయండి. లేకపోతే వచ్చే ఏడాది గీత జానెడు కిందికి దిగినా, మీ పని వల్ల దిగిందో, వాన తక్కువైనందుకు దిగిందో చెప్పలేరు.